గుర్వయ్య బొటనవేలు

వేడినీళ్లలో ముంచి పిండిన బట్టతో మల్లీశ్వరి గుర్వయ్య ఎడమచేతిని తుడుస్తోంది. చంక దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా, అక్కడి నుంచి మణికట్టు దాకా, ఆ తర్వాత ఒక్కొక్క వేలు విడదీసి సందుల్లో. నలభై రోజులుగా మంచానికి అతుక్కున్న ఒళ్లు అది, గట్టిగా రుద్దితే తోలు లేచి వస్తుంది. అద్దినట్టు తుడవాలి. ఈ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాలమూరు బైపాసు పక్కనున్న ఈ నాలుగంతస్తుల దవాఖానలో పదకొండేళ్లుగా ఆయా పని చేస్తోంది; అది ఎత్తు, ఇది తుడువు, అక్కడ నిలబడకు అనడం తప్ప ఆమెకు ఎవరూ ఏదీ చెప్పిన పాపాన పోలేదు.

"అన్నా, ఇగ పక్కకు తిప్పుతున్న. గొట్టం జర గుంజినట్టైతది, ఓర్చుకో."

గుర్వయ్య కళ్లు సగం తెరిచి ఉన్నాయి. గొంతులో రంధ్రం పెట్టి ఊపిరికి ఒక గొట్టం, ముక్కులో నుంచి జావ పోయడానికి ఇంకొకటి. కల్వకుర్తి అవతల తెల్లవారుజామున గొర్రెల మందను రోడ్డు దాటిస్తుంటే వెనకనుంచి వచ్చిన వ్యాను గుద్దింది. పదకొండు గొర్రెలు అక్కడికక్కడే చచ్చాయి. ఆయన బతికాడు. ఆ బతుకును బతుకని ఒప్పుకోవాలో వద్దో ఇవాళ పదకొండింటికి మెదడు డాక్టరు పెద్ద సారు వచ్చి తేలుస్తారట.

పక్క మంచం దగ్గర సెలైను మారుస్తున్న నర్సు నవ్వింది. "పొద్దుగాల్నే ముచ్చట్లు షురూ జేసినవా ఆయమ్మా? కట్టెతోటి మాట్లాడినట్టే గద."

మల్లీశ్వరి బట్టను మళ్లీ వేడినీళ్లలో ముంచి పిండింది. ఆమె పొట్టి మనిషి, నలభై ఎనిమిదేళ్లుంటాయి. ఏజెన్సీ వాళ్లిచ్చిన నీలం కోటు ఆమెకంటే రెండింతలు పెద్దది, భుజం దగ్గర పిన్నీసు పెట్టి బిగించుకుంటుంది. ఫినాయిలుకు గోళ్లు తెల్లబడి పొరలు పొరలుగా లేస్తుంటాయి. ఇంట్లో పనిపాటలేని మొగుడు, షాద్‌నగర్‌లో కంపెనీకి పోయే కొడుకు. పండుగ లేదు, సెలవు లేదు. ఆమె గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ లేదని ఆమె కూడా అనుకుంటుంది.

కట్టె అన్న మాట ఒకప్పుడు ఆమె నోటినుంచి కూడా వచ్చింది. పక్షవాతం వచ్చి అత్తకు మాట, కాలు, చెయ్యి అన్నీ పడిపోతే మూడేళ్లు ఎత్తిపోసింది. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ మంచం మీదనే కూర్చొని ముసల్ది ఎప్పుడు పోతుందని, కాళ్ల కడియాలు ఎవరికని మాట్లాడుకునేవారు. ఒకనాడు దుప్పటి మూడోసారి మారుస్తూ మల్లీశ్వరి విసుగెత్తి, "ఎప్పుడు సస్తవే నువ్వు, నాకెప్పుడు ఇడుపు?" అంది. అత్త కంటి కొస నుంచి నీళ్లు కారి చెవిలోకి జారాయి. అవి కంటి నీళ్లా, ఏడుపా అని ఆమె ఎవరినీ అడగలేదు, అడగకుండానే తెలిసింది. నెల తిరక్కుండా అత్త పోయింది. మల్లీశ్వరి ఆ తర్వాత ఏ మనిషినీ కట్టె అనలేదు.

గుర్వయ్యకు తెలివి ఉందని ఆమెకు ఇరవై రోజుల కిందే తెలుసు. ఆనాడు ఆయన కాళ్ల దగ్గర ఉతికిన బట్టలు పెట్టుకొని మడతేస్తూ, పుట్టింటి అలవాటు కొద్దీ రెండేసి చొప్పున పైకే లెక్కపెట్టింది. ఆమె నాయినదీ గొర్రెల మందే. పొద్దున దొడ్డి తడిక తీసి, కట్టె అడ్డం పెట్టి, రెండేసి గొర్రెలను బయటకు వదులుతూ రెండు, నాలుగు, ఆరు అని లెక్కపెట్టేవాడు. లెక్క తప్పితే ఎంత పొద్దెక్కినా సరే, మందనంతా మళ్లీ లోపలికి తోలి మొదటికి వచ్చేవాడు. తప్పు లెక్కతో అడవికి పోయే గొల్లాయన ఎక్కడా ఉండడు. ఆ రోజు పరధ్యానంలో పదహారు తర్వాత ఇరవై అన్నది మల్లీశ్వరి. గుర్వయ్య ఎడమచేతి బొటనవేలు మెల్లగా వంగి చూపుడువేలును నొక్కింది.

ఏదో నరం గుంజిందనుకుంది. మరునాడు కావాలనే తప్పు చెప్పింది. నాలుగు ఊపిరులంత సేపు ఆగి వేలు వంగింది. సరిగ్గా లెక్కపెట్టి చూసింది, కదల్లేదు. తప్పు చెప్పే చోటు రోజుకొకటి మార్చింది. ఒక్కోరోజు ఆయన నిద్రలో ఉండి పలికేవాడు కాదు. మెలకువగా ఉన్న రోజు మాత్రం తప్పును వదిలిపెట్టలేదు.

ఆ సంగతి చెబితే విన్నది డ్యూటీ డాక్టరు దీప్తి ఒక్కతే. చిన్నపిల్ల, చదువు పూర్తయి రెండేళ్లు కూడా కాలేదు. విని కుర్చీలోంచి లేచి నిలబడింది. "మల్లీశ్వరమ్మా, మీరు చేసింది పెద్దపెద్ద దేశాల్లో మెషీన్లు పెట్టి చేస్తున్నరు తెలుసా? చప్పుళ్లు ఒక వరసలో వినిపిచ్చి, మధ్యల వరస తప్పిస్తరు. మెదడు ఆ తప్పును పట్టుకుంటదా లేదా అని చూస్తరు. ఉలుకు పలుకు లేనోళ్లల్ల నలుగురిల ఒకరికి లోపల ఎరుక ఉన్నదని ఈ మధ్యనే తేలింది. మనసుల టెన్నిస్ ఆడుతున్నట్టు అనుకోమని చెప్పి, మెదడు కదలిక మెషీన్ల కనబడ్తదా అని కూడా చూస్తరు."

"గాయనకు టెన్నిసెక్కడిదమ్మా? గొర్లను ఇడిపిచ్చమను, ఇడిపిస్తడు," అని మల్లీశ్వరి నవ్వింది.

దీప్తి ఇంకో మాట కూడా చెప్పింది. ఎరుక జాడలున్నాయి అని పెద్ద సారు కాగితం మీద ఒక్క ముక్క రాస్తే చాలు, హైదరాబాదులో అలాంటి పరీక్షలు చేసే దవాఖాన వాళ్లు గుర్వయ్యను తీసుకుంటారు. రాయకపోతే ఇంటికే. ఇంట్లో గొంతు గొట్టంలో కఫం తీసేవాళ్లెవరు? పది రోజులు కూడా ఆగడు. అందుకే ఆ ఒక్క ముక్క కోసం మల్లీశ్వరి పొద్దుటి నుంచి మొక్కని దేవుడు లేడు.

తొమ్మిదింటికి గుర్వయ్య భార్య గోపమ్మ వచ్చింది. నలభై రోజులుగా వరండాలోనే పడుకుంటోంది, చీర నలిగి తాడులా అయింది. మంచం పక్కన నిలబడి, "గీ నరకం ఎన్నొద్దులు? దేవుడు జెల్ది తీస్కపోతే మంచిగుండు," అని ముక్కు చీదింది.

"వదినె, నోరు మూయి!" మల్లీశ్వరి ఆమె రెక్క పట్టుకొని బయటికి గుంజింది. "ఆయన ముంగటనా గా మాట?"

"ఆయనకేం ఎర్క చెల్లె, డాక్టర్లే అన్నరు గద," అంటూ గోపమ్మ బిత్తరపోయి చూసింది.

పదకొండింటికి రావలసిన పెద్ద సారు పన్నెండున్నరకు వచ్చారు. ఎదురొమ్ము మీద పిడికిలి పెట్టి రుద్దారు, కళ్లలో లైటు వేశారు, చెవిటివాడికి చెప్పినట్టు, "గుర్వయ్యా! చెయ్యి ఎత్తు!" అని అరిచారు. ఎత్తడానికి ఆయన చేతిలో సత్తువ ఉంటే ఈ మంచం మీద ఎందుకుంటాడు? అయినా నర్సు స్పందన లేదని రాసుకుంది.

"సార్, ఒక్కసారి ఈమె చేసేది చూడండి," అంది దీప్తి.

మల్లీశ్వరి చేతులు కోటుకు తుడుచుకొని ముందుకొచ్చింది. "అన్నా, మంద ఇడుస్తున్న. రెండు... నాలుగు... ఆరు... ఎనిమిది... పది... పద్నాలుగు."

అందరూ చూస్తుండగా బొటనవేలు వంగి చూపుడువేలును నొక్కింది. తప్పు లేకుండా ఇంకోసారి లెక్కపెడితే కదల్లేదు. మూడోసారి తప్పు చెబితే మళ్లీ నొక్కింది. దీప్తి కళ్లు మెరిశాయి.

పెద్ద సారు పెదవి విరిచారు. "అట్ల కాదు. నేను చేస్తా." ఒక చేతిలో ఫోను చూసుకుంటూనే, "వన్, టూ, త్రీ, ఫైవ్, సిక్స్, ఎయిట్," అని గబగబా అన్నారు. వేలు కదల్లేదు. "చూసినవా? రిఫ్లెక్స్ అంటారు దీన్ని. చచ్చిన కప్ప కాలు కూడా కదులుతది."

"సార్, గా లెక్క ఆయన ఎన్నడు ఇన్లేదు," అంది మల్లీశ్వరి. "ఆయన లెక్కల తప్పు జేస్తెనే గద ఆయనకు తప్పని ఎర్కయ్యేది."

"ఇరవై ఆరేళ్ల నుంచి మెదళ్లు చూస్తున్న నేను. నువ్వు బెడ్‌ప్యాన్లు చూసుకో."

ఏమి మనుషులు వీళ్లు! తన భాషలో అడిగితే పలకనివాడికి ప్రాణమే లేదని తీర్పు చెప్పే చదువు ఎందుకు, కాల్చనా? ఆయన కాగితం మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు గీశారు. స్పందన లేదు, ఇంటికి పంపవచ్చు. దీప్తి ఏదో అనబోతే పక్క మంచానికి నడిచారు.

వాళ్లు పోయాక మల్లీశ్వరి వరండాలోకి వెళ్లి గోపమ్మను మంచం దగ్గరికి తీసుకొచ్చింది. "వాళ్లు రాయకపోతే మానె. నువ్వు సూడు. దొడ్డికాడ లెక్కవెట్టినట్టు లెక్కవెట్టు. నడుమ ఒకటి తప్పు చెప్పు."

గోపమ్మ మొదలుపెట్టింది. ఇరవై దాకా సరిగ్గానే పోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ సరిగ్గానే పోయింది. "తప్పు ఎట్ల చెప్పాలె చెల్లె? నోరు రాదు," అని దిక్కులు చూసింది. నాలుగోసారి కళ్లు గట్టిగా మూసుకొని పది తర్వాత పద్నాలుగు అన్నది. మల్లీశ్వరి ఆమె చేతిని తీసి గుర్వయ్య చేతి కింద పెట్టింది. బొటనవేలు వంగి ఆమె అరచేతిని నొక్కింది.

గోపమ్మ కళ్లు తెరిచి ఆ వేలు వైపు చూసింది. "అంటే... పొద్దుగాల నేనన్నది ఇన్నడా?"

"ఇన్నడు వదినె."

ఆమె ఆ చేతిని నుదుటికి ఆనించుకొని వలవలా ఏడ్చింది. తప్పైంది, కడుపుల వెట్టుకో అంది. ఏడుస్తూనే నవ్వింది. దీప్తి వచ్చి, హైదరాబాదులో తన స్నేహితురాలితో మాట్లాడాననీ, పెద్ద సారు కాగితం లేకపోయినా సోమవారం చూస్తామన్నారనీ చెప్పింది. ఈ నాలుగు రోజులు కఫం ఎట్లా తియ్యాలో పోయేముందు నేర్పిస్తానంది. అంబులెన్సు నాలుగింటికి.

గోపమ్మ కొంగుతో మొహం తుడుచుకొని గుర్వయ్య గుండు తల వైపు చూసింది. "అన్నీ ఎర్కుంటే ఉత్త తలతోని ఊర్లె ఎట్ల దిగుతడు చెల్లె? పెండ్లైనకాన్నుంచి తలకు రుమాలు సుట్టకుంట గడప దాటలే. పాతది నెత్తురై పోయె. జర బజార్ల కొత్తది తెస్త."

"పోయి రా వదినె. నేనున్న గద."

ఆ మాట అన్న పది నిమిషాలకే సూపర్వైజర్ ఎల్లస్వామి వచ్చాడు. "సారు ముందట నోరు లేపినవంట? నడువు, కింద బట్టలు కుప్ప వడ్డయి. సాయంత్రం దాకా గాడనే."

"గుర్వన్నకు కఫం ఎక్కువున్నది సార్, వదినె వచ్చేదాకా..."

"ఆయన డిశ్చార్జి అయిండు. ఇగ మన పేషెంటు గాదు."

ఆ మాట నిజమే అయింది. డిశ్చార్జి రాశారు కాబట్టి గుండె కొట్టుకునేది చూపించే మిషను వైర్లు పీకి ఇంకొకరికి పెట్టారు. నర్సు ఒక్కతే, మంచాలు పద్నాలుగు. దీప్తిని ఎమర్జెన్సీకి పిలిచారు. మల్లీశ్వరి సెల్లారులో నెత్తుటి దుప్పట్లు విడదీస్తూ మనసు నిలవక, ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కి వచ్చింది. కిందికి పోయి అరగంట కూడా కాలేదు. గుర్వయ్య మొహం నల్లబడి ఉంది. కేకవేస్తే నర్సు వచ్చింది, దీప్తి పరుగెత్తుకొచ్చి గొట్టంలో నుంచి చిక్కటి కఫం లాగింది, ఛాతీ నొక్కింది. చాలాసేపు నొక్కింది. మూడూ ఐదుకు చేతులు తీసేసింది.

"మేడం, రాయుండ్రి," అంది మల్లీశ్వరి. "ఇప్పుడన్న రాయుండ్రి, ఎరుకున్న మనిషని."

"ఫైలు కిందికి పోయింది మల్లీశ్వరమ్మా," అంది దీప్తి, గోడవైపు తిరిగి.

గోపమ్మ బజారు నుంచి వచ్చేసరికి గుర్వయ్యను తల నుంచి కాళ్ల దాకా తెల్లగుడ్డలో చుట్టి మూడుచోట్ల ముళ్లు వేశారు. రుమాలు చుట్టడానికి తలకాడి ముడి విప్పమని మల్లీశ్వరి అడిగింది. అంబులెన్సు ఆగదు, విప్పేది లేదన్నాడు ఎల్లస్వామి.

"కఫం తీసేతందుకు ఒక్కలు దొరకలే! మూట గట్టేతందుకు నలుగురు దొరికిండ్రా? థూ, మీ బతుకుల మన్నువడ!" ఆమె అరుపుకు వార్డంతా తిరిగి చూసింది. పదకొండేళ్లలో ఆ గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. ఎల్లస్వామి రేపటి నుంచి రావద్దన్నాడు. రాను పో అంది.

గోపమ్మ ఏడవలేదు. మల్లీశ్వరి ముంజేయి పట్టుకొని చెవి దగ్గరగా వచ్చింది. "చెల్లె, ఒక్క మాట నిజం చెప్పు. ఊపిరాడనప్పుడు... ఒక్కడే ఉన్నడు గద. ఆయనకు ఎర్కైందా?"

మల్లీశ్వరి ఆ ముఖం వైపు చూసింది. ఆయనకు ఎరుక ఉందని ఇరవై రోజులుగా కనబడ్డవాళ్లందరితో కొట్లాడింది.

"లేదు వదినె," అంది. "ఏం ఎర్కలే. నిద్రలనే పోయిండు."

గోపమ్మ తల ఊపింది. స్ట్రెచర్ వెంట లిఫ్టు దాకా నడిచింది, వెనక్కి చూడలేదు. మల్లీశ్వరి నీలం కోటు విప్పి మడిచి నర్సు బల్ల మీద పెట్టింది. ఐదింటికి ఆ మంచం మీదికి ఇంకెవరినో తెచ్చారు. మంచం కమ్మికి గోపమ్మ తగిలించిపోయిన, దుకాణంవాడు వేసిన మడత కూడా విప్పని ఎర్రంచు రుమాలు వేలాడుతూనే ఉంది.