విప్పని ప్యాకెట్లు

“ఏంటే సంగతులు?” అన్నారు ఆయన, కంచం ముందు కూర్చుంటూ.

రోజూ అడిగే మాటే. ఆయన ఆడపిల్లల స్పోర్ట్స్ హాస్టల్‌కి కోచ్. జీతం ఆయనకి. ముప్పై మంది పిల్లల దుప్పట్లు మార్చడం, జ్వరాలొస్తే పక్కన కూర్చోవడం, నెలనెలా సబ్బులూ ప్యాడ్లూ పంచడం నాకు. “ఇంట్లో ఊరికే కూర్చునేదానివేగా” అన్నారు మొదటి రోజు. ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ తర్వాత నేను చూడలేదు.

నాలుగేళ్ల కిందట కూడా ఇలాగే అడిగారు. అప్పుడు నిచ్చెన ఉండేది. పొడుగని పిల్లలు పెట్టిన పేరు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో మిగతావాళ్లకి దాని మడమలే కనిపించేవి. పొద్దున్నే మైదానం నుంచి వచ్చి నా చేతిలో బకెట్ లాక్కుని, “మీ నడుముకి నాది పూచీ అక్కా” అనేది. ఒకరోజు దుప్పటి మార్చబోయి పరుపు ఎత్తితే ప్యాడ్ల ప్యాకెట్లు. ఏడు. ఒక్కటీ విప్పలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకి నెలసరి రావడం లేదన్నమాట. ఆ పూట వడ్డిస్తూ ఆయనకి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు ఊరికే అనలేదు. ఆయన ముద్ద ఆపి నన్ను చూశారు. “నీ కళ్లబడకుండా చీమ కూడా పోలేదే” అన్నారు. పెళ్లయిన పదహారేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. సంబరపడి ఇంకో గరిటె కూర వేశాను.

వారం తిరక్కుండా ఆయన పైవాళ్లకి రాశారు. పరీక్షలు చేశారు. పుట్టుకతోనే ఆ పిల్ల ఒంట్లో మగవాళ్లకుండే హార్మోన్ ఎక్కువని డాక్టరమ్మ చెప్పింది. తప్పేమీ చేయలేదు, దొంగమందేమీ మింగలేదు. కానీ మందులతో దాన్ని తగ్గించుకుంటేనే ఆడపిల్లలతో పరిగెత్తనిస్తారని రూలు. మింగింది. నెల తిరిగేసరికి మెట్లెక్కడానికే ఆయాసపడింది. స్నానాల గది దగ్గర పిల్లలు దాన్ని చూసి తలుపులు వేసుకునేవారు.

హాస్టల్ వదిలి వెళ్లే రోజు దుప్పటి నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చింది. “ఎవరు చెప్పారో తెలుసా అక్కా?”

“తెలీదమ్మా.”

“పోన్లెండి. ఇక్కడ నన్ను ఎగాదిగా చూడనిది మీరొక్కరే.”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన్ని తిట్టుకోవాలని చాలాసార్లు చూశాను. తిట్టు సగం దారిలోనే నా మీదికి తిరిగొచ్చేది. ఆయన రాసింది ఉద్యోగం కోసం. నేను చెప్పింది దేనికి? అన్నం తింటూ నాతో ఇంకో రెండు మాటలు మాట్లాడతారని. ఆ రెండు మాటలకి ఒక పిల్ల కాళ్లు పోయాయి.

ఈ ఉదయం కొత్తగా వచ్చిన హైజంప్ పిల్ల పరుపు ఎత్తాను. మూడు విప్పని ప్యాకెట్లు. ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచి పరుపు దించాను. తిరిగి చూస్తే ఆ పిల్ల గుమ్మంలో ఉంది, ముఖం పాలిపోయి.

“దుప్పటి మార్చుకోవడం వచ్చా?” అన్నాను.

తలూపింది.

“అయితే ఇకనుంచి నువ్వే మార్చుకో. డాక్టరమ్మతో మాట్లాడాలనిపిస్తే నాకు చెప్పు. మనిద్దరమే వెళ్దాం.”

“నిన్నే, సంగతులేంటి?” అన్నారు ఆయన మళ్లీ.

“ఏం లేవు.” కూరగిన్నె ఆయన ముందుకి జరిపి నేనూ కూర్చున్నాను. “నిచ్చెన అడ్రస్ మీ దగ్గరుందా?”

ఆయన చేతిలో ముద్ద ఆగింది. “ఇప్పుడెందుకే?”

“వెళ్లేటప్పుడు నన్నొక మాట అడిగింది. అబద్ధం చెప్పాను.”