పక్క కార్డులో పడిన గుండు

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. చదవడానికి మీకు అంతసేపు పట్టదులెండి.

నేనూ మా ఆయనా కలిసి నలభై ఏళ్లు ఇస్త్రీ కొట్టు నడిపాం. ఆయన పోయాక కొట్టు అప్పగించేసి కూతురి దగ్గరికి వచ్చాను. కూతురికి పగలంతా ఆసుపత్రిలో డ్యూటీ. మనవరాలికి పదహారేళ్లు, ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. రెండు బస్సులు మారి దాన్ని రేంజికి తీసుకెళ్లి తీసుకురావడం నా పని.

రేంజి అంటే ఒక పొడుగాటి హాలు. ఇటు పది బల్లలు, పది మీటర్ల అవతల పది కార్డులు. బటన్ నొక్కితే కార్డు తీగ మీద జారుతూ మన దగ్గరికి వస్తుంది. దాని మీద నల్లటి గుండ్రం, గుండ్రం నట్టనడుమ ఆవగింజంత చుక్క. చుక్కకు తగిలితే పది మార్కులు. పెద్ద పేలుడేమీ ఉండదు, టప్పుమంటుంది, అంతే. నేను వెనక బెంచీ మీద కూర్చుని ఆ టప్పులు లెక్కపెట్టేదాన్ని.

ఒకరోజు కోచ్ మేడం నా దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, ఊరికే కూర్చుంటే నడుం పట్టేస్తుంది. వచ్చి నిలబడండి."

"కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని, నాకు తుపాకీ ఏంటమ్మా?"

"కాళ్లు తర్వాత చాపుకుందురు గానీ, ముందు నిలబడ్డం చూపించండి."

నలభై ఏళ్లు నిలబడే బతికినదాన్ని. నిలబడి చూపించాను. ఆవిడ నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత కదలకుండా ఉండటం నేర్పడానికి నాకు ఏడాది పడుతుంది" అంది.

అయినా మొదటి వారం రైఫిల్ చేతికివ్వలేదు. గొట్టం ఎప్పుడూ కార్డుల వైపే ఉండాలి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, 'ఆపండి' అంటే బల్ల మీద పెట్టి వెనక్కి జరగాలి. ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పేలా వల్లె వేయించింది. రెండో వారంలో నేను వేసిన మొదటి గుండు కార్డుకే తగల్లేదు.

"అమ్మమ్మా, గోడ నిన్ను చూసి వణికిపోతోందే!" అని మనవరాలు పడీ పడీ నవ్వింది.

"బలంతో ఎత్తకండి, ఎముకల మీద ఆనించండి. సగం ఊపిరి వదిలి ఆపండి" అంది మేడం. మూడు నెలలకు నా గుండ్లు నల్ల గుండ్రం దాటి బయటికి పోవడం మానేశాయి. నాతోపాటు నేర్చుకునే పోస్టుమాస్టరుగారికి అది కంటగింపు.

"నలభై ఏళ్లలో ఒక్క చొక్కా కాల్చలేదన్నారు, ఇక్కడ రోజుకు నలభై కార్డులు కాల్చేస్తున్నారే!" అనేవాడు.

ఇంతలో జట్టు ఎంపిక వచ్చింది. మనిషికి నలభై గుండ్లు, కార్డుకు ఒకటి. మూడువందల అరవై ఎనిమిది దాటిన పిల్లలే జట్టులోకి. పోయిన ఏడు మా పిల్ల ఒక్క మార్కుతో తప్పింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈ ఏడు దాటితే పిల్లల విభాగంలో దానికి వయసు దాటిపోతుంది. దాని బల్ల నాలుగు. దాని కుడిపక్కనే ఐదో బల్ల ఖాళీగా ఉంటే, "మీకూ పోటీ గాలి తగలనివ్వండి, మీ మార్కులు ఎవరూ అడగరు" అని మేడం నన్ను నిలబెట్టింది.

ముప్పై ఏడు గుండ్లదాకా అంతా సవ్యంగానే సాగింది. ముప్పై ఎనిమిదో గుండుకు ముందు చెమట పట్టి కళ్లజోడు మసకబారింది. రైఫిల్ బల్ల మీద పెట్టి తుడుచుకున్నాను. నాకో పాత అలవాటుంది. కొట్టులో ఒక బట్ట ఇస్త్రీ అయ్యాక ఎడమవైపు అరడుగు తిరిగి దొంతర మీద పెట్టేదాన్ని. ఒక పని ముగిసిందనుకుంటే చాలు, నా కాళ్లు వాటంతటవే ఎడమకు తిరుగుతాయి. కళ్లజోడు తుడిచి పెట్టుకునేసరికి అదే జరిగింది. గురి చూసే బెజ్జంలోంచి ఒక్క నల్ల గుండ్రమే కనిపిస్తుంది, నంబరు కనిపించదు. ఊపిరి ఆపాను. గుండు వదిలాను. చాలా బాగా పడిందనిపించింది.

నా కార్డు వచ్చింది. చిల్లు లేదు.

పక్కన పిల్ల కార్డు వచ్చింది. రెండు చిల్లులు.

రెండు చిల్లులుంటే కార్డు రద్దని, సున్నా అని పోస్టుమాస్టరుగారు చెప్పగా విన్నాను. ఒక్క సున్నా పడితే పిల్ల పని అయిపోయినట్టే. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. రేంజి ఆఫీసరు వచ్చాడు.

"అందులో ఒకటి నాదండీ. పక్క కార్డులో వేశాను. పిల్ల తప్పేమీ లేదు" అన్నాను.

ఆయన రెండు కార్డులూ తీసుకుని, "పూర్తయ్యాక చూస్తాను, కానివ్వండి" అని వెళ్లిపోయాడు.

పిల్ల నా వైపు చూడలేదు. దానికింకా రెండు గుండ్లున్నాయి. నేను రైఫిల్ దించి, వెనక్కి జరిగి కళ్లు మూసుకున్నాను. నా మిగతా రెండూ వేయలేదు. నాలుగో బల్ల దగ్గర ఒక టప్పు. చాలాసేపటికి ఇంకోటి. కళ్లు తెరిచాను. తొమ్మిది, పది.

తర్వాత మార్కుల బల్ల దగ్గర ఆఫీసరు ఆ కార్డు చూపించాడు. ఒక చిల్లు పదిలో, ఇంకోటి ఎనిమిదిలో.

"ఇందులో నీది ఏది పాపా?"

"ఎనిమిదే నాదనుకుంటున్నా సార్. వదిలేటప్పుడు భుజం కదిలింది."

నోరు కట్టేసుకోవచ్చు కదే అని లోపల తిట్టుకున్నాను. మరుక్షణమే సిగ్గుపడ్డాను.

"అనుకోవడం మీద నేను రాయలేను" అన్నాడాయన. "ఏది ఎవరిదో తేలనప్పుడు ఎక్కువ మార్కు కార్డు యజమానికే. పక్క కార్డులో వేసినందుకు పెద్దావిడకి సున్నా."

"అంటే... పిల్ల కార్డు రద్దు కాదా బాబూ?"

"ఆ పిల్ల చేసిందేముందమ్మా రద్దు చేయడానికి? ఒకే మనిషి రెండు వేస్తేనే ఆ గొడవ."

నేను పోస్టుమాస్టరుగారి వైపు తిరిగాను. ఆయన పైకప్పు పరిశీలిస్తున్నాడు.

మొత్తం మూడువందల డెబ్బై రెండు. ఎనిమిదే రాసుకున్నా డెబ్బై. ఎటు చూసినా పిల్ల జట్టులో ఉంది. బెంచీ మీద కూలబడ్డాను. బతికి బట్టకట్టాం అనుకున్నాను.

పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. "నీ పది నాకిచ్చి సున్నా పట్టుకుపోతున్నావా అమ్మమ్మా?"

"అది నాదో కాదో ఎవడు చూశాడు? నోరు మూసుకుని నీళ్లు తాగు."

తాగింది. సగం సీసా నాకిచ్చింది. ఇంటికి వెళ్లే బస్సులో నా భుజం మీద తల పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. దిగాల్సిన చోటు దాటిపోయినా లేపలేదు. ఇంకో రెండు స్టాపులు అలాగే వెళ్లి, వెనక్కి నడిచి వచ్చాం.

ఇట్లు,
రేంజిలో అందరూ 'పక్కకార్డు అమ్మమ్మ' అని పిలిచే నేను. వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉంటున్నది కూతురి ఇంట్లో, రెండో అంతస్తులో, రోడ్డువైపు కిటికీ ఉన్న గదిలో.