మాస్టారి గుండెలో మచ్చ

తైవాన్ దేశపు హువాలియెన్‌లోని ఆ వైద్య కళాశాలలో దేహదానం చేసినవాళ్ళను శవాలంటే ఊరుకోరు. వాళ్ళు మాస్టార్లు. కత్తి పట్టేముందు విద్యార్థులు మాస్టారింటికి వెళ్ళి, పెట్టింది తిని, ఆయన సంగతులు విని రావాలి. పెయ్-యున్ అలాగే లియావ్ మాస్టారింటికి వెళ్ళింది. వెళ్ళొచ్చినప్పటి నుంచీ ఆ పిల్లకు కాలు ఒకచోట నిలవడం లేదు.

మాస్టారి భార్య జామకాయ ముక్కలు పెట్టింది. గుమ్మం దాకా సాగనంపుతూ చెయ్యి పట్టుకుంది.

"ఆ మధ్యాహ్నం గుండెల్లో మంటన్నాడమ్మా. గ్యాసేలే అని అల్లం కషాయం కాచిచ్చాను. తాగి నడుం వాల్చాడు, మళ్ళీ లేవలేదు. ఆయన గుండె నువ్వు చూస్తావుగా. తప్పు నాదేనేమో చూసి చెప్పు."

"చెప్తానమ్మా" అనేసింది పెయ్-యున్. నోరు జారడానికి చదువు అడ్డం రాదు.

గుండె చేతికొచ్చిన రోజున ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. పిడికిలంత ఉంది. పై గదులు రెండూ నెత్తురు అందుకుంటాయి, కింది గదులు రెండూ తోస్తాయి. కుడి గది పక్కనున్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు, దాని గోడ పలచన. ఎడమది ఒళ్ళంతటికీ తొయ్యాలి, అందుకే మందం. నెత్తురు వెనక్కి మళ్ళకుండా కాసే కవాటాలు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ గోడ కోసేసరికి కండ మధ్యలో తెల్లటి మచ్చ కనపడింది.

"ప్రాణం తీసింది ఇదేనా సార్?"

"కాదు" అన్నాడు ప్రొఫెసర్ ష్యూ. "ఇది ఏళ్ళ కిందటి గుండెపోటు. గుండెకే నెత్తురు తెచ్చే నాళం పూడి, ఇంతమేర కండ చచ్చిపోయింది. మిగతా కండ దీని పనీ నెత్తినేసుకుంది. నువ్వు చెప్పినట్టు గంటలోపే పోయాడంటే, చివరి దెబ్బకు మచ్చ కట్టే వ్యవధి ఉండదు, కంటికి ఆనదు."

అడిగినదానికి జవాబు లేదన్నమాట. అయినా జబ్బు పాతదని తెలిస్తే ఆవిడ మనసు కాస్త కుదుటపడుతుందనుకుంది పెయ్-యున్.

వీడ్కోలు రోజు వచ్చింది. కోసినదంతా కుట్టి, తెల్లబట్టలు తొడిగి, మాస్టారి పెట్టెను విద్యార్థులే భుజాలమీద మోశారు. పెట్టె దించాక పెయ్-యున్ మాస్టారి భార్య దగ్గరికెళ్ళి మచ్చ సంగతి చెప్పింది.

ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఎప్పుడో ఒకసారి చేపల పడవ దిగొచ్చి ఇలాగే మంటన్నాడు. అప్పుడూ అల్లం కషాయమే ఇచ్చాను. తెల్లారి లేచి పనికెళ్ళాడు. అప్పుడు తగ్గింది కదా అనేగా, మళ్ళీ అదే ఇచ్చాను."

ఓదార్పని మోసుకొచ్చిన మాట ఇలా అయ్యేసరికి పెయ్-యున్‌కు ఏడుపు ఆగలేదు.

ఆవిడే ఆమె కళ్ళు తుడిచింది.

"ఏడవకు తల్లీ. చూసి చెప్తానన్నావు, చెప్పావు."