మోపు దించిన బండి

నేను ఒక బండినని చెప్పుకుంటాను గానీ, నిజానికి మూడు చచ్చిన బండ్లు కలిసి బతికిన బతుకు నాది. ముందు భాగం తుప్పుపట్టిన జీపుది, వెనక ఇరుసూ చక్రాలూ ట్రాక్టరువి, ఇంజను లోయలో పడ్డ ఒక వ్యానుది. నన్ను చేసినవాడు కిల్లో మొష్యా. నర్సీపట్నంలో పదేళ్లు వెల్డింగు పని చేసి, పాడేరు కొండల్లోని సొంత ఊరికి తిరిగొచ్చిన మనిషి.

ఊరు కొండ మీద, కాఫీ తోటలు కింద లోయలో. తోటల్లో నీడచెట్లకు కొట్టిన కొమ్మలే ఊరందరికీ వంటచెరకు. ఆడవాళ్లు మోపులు నెత్తిన పెట్టుకుని ఎర్రమట్టి ఏటవాలు ఎక్కేవాళ్లు. ఒక వానాకాలం మొష్యా భార్య దొయిమతి అక్కడే జారిపడి మడమ విరగ్గొట్టుకుంది. ఆమె మంచాన ఉన్నన్నాళ్లూ మొష్యాయే మోపు మోశాడు. నాలుగో రోజుకి మెడ పట్టేసింది. పన్నెండేళ్లు ఆమె మోస్తుంటే రాని ఆలోచన ఆ రోజు వచ్చింది. అలా పుట్టాను నేను.

వేసవంతా పెరట్లో నిప్పురవ్వలే. రాళ్లు తగలకుండా నన్ను జానెడు ఎత్తు లేపాడు, పొట్ట కింద దళసరి రేకు కొట్టాడు, కట్టెలు జారిపోకుండా వెనక ఇనుప గొట్టాలు నిలబెట్టాడు.

తొలకరి పడ్డాక లోయలోకి దింపి, ఖాళీగా ఎక్కించి చూశాడు. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. సగం దారిలో నా వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి, దగ్గరికి దిగొచ్చి చూస్తున్న ఊరి పెద్ద పంచెకు బురద కొట్టాయి. మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లూ వెనక్కి జారాను. మొష్యా ఇంజను ఆపి తల దించుకున్నాడు.

దొయిమతి కుంటుకుంటూ దిగి వచ్చింది.

"మావా, కట్టెలెక్కించు."

"ఉత్తిదే ఎక్కలేకపోతంటే బరువుతో ఏటెక్కుద్ది?"

"నాను పడింది ఉత్తినే దిగుతున్నప్పుడు. నెత్తిన మోపుంటే కాలు మట్టిలో దిగి నిలబడేది. దీనికీ ఎనకాల బరువెయ్యి."

మొష్యాకి నమ్మకం లేదు, అయినా నన్ను మళ్లీ లోయ అడుగుకి దింపాడు. ఆడవాళ్లంతా కలిసి ఇరవై మోపులు నా వీపున పేర్చారు. దొయిమతి అతని పక్కన కూర్చుంది. ఈసారి చక్రాలు మట్టిని పట్టుకున్నాయి. మూలుగుతూ, పొగ కక్కుతూ, ఒక్కో జానా ఎక్కాను.

సగం దారిలో ఆమె అతని భుజం తట్టింది. "అటు చూడు."

పైన రాతిచరియకు ఏడు తేనెపట్టులు వేలాడుతున్నాయి.

"పన్నెండేళ్లు ఈ దారంటే నడిచాను మావా. ఎప్పుడూ తలెత్తనేదు."

మొష్యా గట్టెక్కాక స్టీరింగు ఆమెకిచ్చి, తను దిగి మోపులు దించాడు. ఆ ఏడాదే ఆమె నన్ను నడపడం నేర్చుకుంది. ఎక్కించి దించే పని అతనిదయింది.

ఇప్పుడు రోడ్డు పడింది, ఇంటింటికీ గ్యాసు వచ్చింది, నా ఇంజను మూగబోయింది. మొన్న తుక్కువాళ్లు నన్ను కొంటామని వచ్చారు. దొయిమతి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. వాళ్లు చూసి చూసి వెనుదిరిగితే, నా రబ్బరు హారన్ రెండుసార్లు గట్టిగా నొక్కి సాగనంపింది.