ఎవరూ నొక్కని బటన్

బట్టీ రగులుతుంటే అక్క దానికి వీపు చేసి, గోడవైపు తిరిగి కూర్చుంది. అలా కూర్చున్న మనిషిని చిట్టి ఆ గదిలో ఎన్నడూ చూడలేదు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆ స్టూలు బట్టీని నడిపే బటన్ల ప్యానెల్‌కు ఎదురుగానే ఉండేది. ఆయన కళ్లు వేడి చూపించే ముల్లు మీద, వేలు బటన్ మీద.

"అటు తిరిగావేంటక్కా?"

"నువ్వే చూడు. నాకు చూడబుద్ధి కావట్లేదు. ఇంకాసేపట్లో వస్తాడు."

"ఎవరు?"

గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటున్న బావ అందుకున్నాడు. "మా మామగారు. పోయి కూడా డ్యూటీ ఎగ్గొట్టడం లేదు మరదలా. నేనేమో బతికుండే ఎగ్గొడుతున్నా."

చిట్టికి నవ్వొచ్చింది గానీ అక్క భుజాలు చూసి ఆపుకుంది. అవి బిగుసుకుని ఉన్నాయి.

వాళ్ల బట్టీలో కాలేవి పింగాణీ గుబ్బలు. కరెంటు స్తంభాల మీద తీగ ఆనుకునేవి. ఆ బట్టీని నడిపే బోర్డుకు ఒక గుణం ఉంది. మనిషి బటన్ నొక్కితే, ఎంత వేడి దగ్గర నొక్కాడు, ఎంతసేపు పట్టుకున్నాడు అన్నది బుర్రలో పెట్టుకుంటుంది. మళ్లీసారి అక్కడికి వచ్చేసరికి తనంతట తానే నొక్కినట్టు చేస్తుంది, బటన్ మీది దీపం కూడా వెలుగుతుంది. ఈలోగా ఎవరైనా సవరిస్తే ఆ సవరణనూ కలుపుకుంటుంది. అలా ఏళ్ల తరబడి నాన్న చెయ్యి అందులో దిగిపోయింది. ఆయనుండగా ఇది ఎవరి కంటా పడలేదు. దీపం వెలిగినప్పుడల్లా ఆయన వేలు అక్కడే ఉండేది మరి. వేలు పోయాక దీపం ఒక్కటే మిగిలింది.

నాన్న వెనకే బోర్డూ మంచం పట్టింది. దాన్ని చేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. చిట్టి పొట్టపోసుకునేది ఇలాంటివాటితోనే. చచ్చిపోయిన యంత్రాన్ని కంప్యూటర్లో ప్రోగ్రాంగా నడిపిస్తుంది. దాన్ని ఎమ్యులేటర్ అంటారు. లోపల నడిచే పాత ప్రోగ్రాంకు తన ఒళ్లు మారిందన్న సంగతే తెలియదు. నాన్న చెయ్యి ఉన్నది డిస్కులో కాదు, బోర్డుకు అతికించిన గోరంత చిప్పులో. బిళ్ల బ్యాటరీ ఒకటి దానికి ప్రాణం. చిట్టి బోర్డు బదులు కంప్యూటర్‌ను ప్యానెల్‌కు కలిపి, ఆ చిప్పులో ఉన్నదంతా ఒక ఫైలులోకి దించి, అలవాటు కొద్దీ డిస్కని చెప్పి ఎమ్యులేటర్‌కు తగిలించింది. ఆ కాలపు బోర్డుకు డిస్కంటే ఏం తెలుసు? నిన్న పుట్టిన పిల్లలా లేచింది, ఒక్క బటనూ గుర్తులేదు. అప్పుడు నాలిక కరుచుకుని, ఇది డిస్కు కాదు, మెమరీ, దీని వెనక ఉన్నది ఫలానా ఫైలు అని విడమరిచి రాసింది. దీపం వెలిగింది. ఆ రోజు అక్క ముఖం తిప్పుకుని బయటికి వెళ్లిపోయింది.

ఇప్పుడొచ్చిన చిక్కు మట్టితో. పాత గుంట ఖాళీ అయింది. కొత్త గుంట మట్టి తొందరపెడితే ఓర్చుకోదు. బట్టీ లోపల ఎరుపు తిరిగే వేళకు నాన్న వేడిని ఒక్క ఊపున ఎక్కించేవాడు. పాత మట్టికి అది ప్రాణం, కొత్తదానికి గండం. ప్రతి కాల్పులోనూ గుబ్బలు నెర్రెలు విచ్చి బయటపడుతున్నాయి. ఇంకొక్క లోడు పగిలితే వేరేచోట చూసుకుంటామని కొనేవాళ్లు చెప్పేశారు. అక్క ఫోన్ చేసింది అందుకే. "ఈ కాల్పుతో ఆర్పేస్తున్నా. ఆఖరిసారి చూసుకుంటావేమో, రా" అంది.

"వచ్చాడు" అంది అక్క, గోడవైపే చూస్తూ.

ప్యానెల్ మీద పై బటన్‌కు ఎర్రదీపం వెలిగింది. దగ్గర్లో ఎవరూ లేరు. వెలిగిన దీపం ఆరలేదు. పొడుగ్గా, కదలకుండా, ఎవరో బొటనవేలితో నొక్కిపట్టి పక్కవాళ్లను లెక్కచెయ్యకుండా నిలబడినట్టు. మంట గొంతు మారింది. కాసేపటికి లోపలెక్కడో ఒక గుబ్బ టక్కుమంది. అక్క ఉలిక్కిపడింది. ఇంకోటి. మళ్లీ ఉలిక్కిపడింది.

"తగ్గించొచ్చుగా అక్కా."

"తగ్గించకుండానే ఉన్నానా? ఈ మట్టి వచ్చినప్పటి నుంచీ అదే పని. ఆయన పెంచుతాడు, నేను కింది బటన్ నొక్కుతా. ఎక్కేశాక దించితే ఏం లాభం? పోన్లే, రెండోసారికైనా తెలుసుకుంటాడు అనుకుంటా. రెండోసారి నేనసలు చెప్పనట్టే మళ్లీ అంతే." అక్క గొంతు తగ్గింది. "బతికున్నప్పుడూ ఇంతేగా. పక్కన నిలబడి చూడమనేవాడు, చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఇప్పుడూ పెట్టనివ్వడు. నా చెయ్యి ఆయనకు ఆనదు చిట్టీ. నాకర్థమైపోయింది."



చిట్టి బల్ల దగ్గరికి వెళ్లి కంప్యూటర్లో ఆ ఫైలు తీసింది. ఆఖరి మార్పు జరిగిన తేదీ చూసి చెయ్యి ఆగిపోయింది. అది తను బిగించి వెళ్లిన రోజు. ఆ తర్వాత అందులో ఒక్క అక్షరం పడలేదు.

చూడకముందే తెలిసిపోయింది ఎక్కడ తప్పిందో. మెమరీ వెనక ఫైలు పెట్టేటప్పుడు చివర్న ఒక మాట రాయాలి: యంత్రం రాసుకున్నది ఫైలుతో పంచుకోవాలా, వద్దా. పంచుకోమంటే ప్రతి రాతా ఫైలులోకి దిగుతుంది. వద్దంటే ఆ రాతంతా పక్కన తాత్కాలికంగా ఉండి, ఆపగానే ఆవిరైపోతుంది. ఫైలు మాత్రం చెక్కుచెదరదు. పరీక్షలో అసలు ఫైలు పాడవకూడదని చిట్టిలా ఈ పని చేసేవాళ్లంతా ముందు 'వద్దు' అనే పెట్టుకుంటారు. చిట్టీ పెట్టింది. తియ్యడం మరిచింది. పాత బోర్డును ఆపినట్టే అక్క కాల్పు కాగానే కంప్యూటర్ ఆపేసేది. ఆపిన ప్రతిసారీ అక్క చెప్పిందంతా తుడిచిపెట్టుకుపోయి, నాన్న ఎప్పటి నాన్నగానే మళ్లీ లేచేవాడు.

మార్చాల్సింది ఒక్క మాట. గుట్టుగా మార్చేసి ఊరుకోవచ్చు. రేపటి నుంచి దీపం తగ్గుతుంది. నాన్న ఇన్నాళ్లకు తన మాట విన్నాడనుకుంటుంది అక్క. అలా అనుకుని బతికేస్తుంది, సంతోషంగానే. చిట్టి వేలు కీబోర్డు మీద అక్కడక్కడే తిరిగింది.

"ఏం మారుస్తున్నావే?" స్టూలు మీది నుంచే అడిగింది అక్క.

చెప్పేసింది. ఎలా చెప్పిందో తనకే గుర్తులేదు, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

అక్క తల మాత్రం ఇటు తిప్పింది. "అంటే వినేవాడా?"

"చెప్పిన ప్రతిసారీ విన్నాడు. ఆపేసరికి మరిచిపోయేలా చేసింది నేను."

"ఆయనా, యంత్రమా, వినేది?"

"దానికి వేలెవరిదైనా ఒకటే అక్కా. నీ వేలూ ఆయన వేలూ అని తేడా లేదు."

"ఆయనకు ఉండేది" అంది అక్క. ఆ తర్వాత, "ఇన్నాళ్లూ తిట్టాను. ఇక్కడ కూర్చుని, నోటికొచ్చినట్టు" అంది. చెల్లెల్ని మాత్రం ఒక్క మాట అనలేదు. అందుకే చిట్టికి తల ఎత్తబుద్ధి కాలేదు.

బట్టీ చల్లారింది. పగిలినవాటిని బావ బండిలోకి ఎత్తించాడు. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ మళ్లీ ఆ గదిలో చేరారు. మంట లేదు, గ్యాసు కట్టేసి ఉంది. అసలు బట్టీని వెలిగించకుండానే, పాత కాల్పుల్లో నమోదైన వేడిని ఎమ్యులేటర్‌కు చూపించి, నిజంగా కాలుస్తున్నట్టు దాన్ని నమ్మించొచ్చు. గడియారాన్ని కూడా తొందరగా తిప్పొచ్చు. చిట్టి ముందుగా ఫైలుకు నకలు తీసింది.

"మామగారికి జిరాక్సా" అన్నాడు బావ. "ఇంకేం, ఆయన ఎక్కడికీ పోడుగా. దిగులెందుకు మీకు?"

"నకలు మంట దగ్గర కూర్చోదు" అంది అక్క.

చిట్టి 'వద్దు' తీసేసి 'పంచుకో' అని పెట్టింది. అక్క స్టూలును ప్యానెల్ వైపు తిప్పుకుని కూర్చుంది. ముల్లు పాకింది. చల్లటి గదిలో, మంటే లేని బట్టీ ముందు, ఎర్రదీపం వెలిగి మొండిగా నిలిచింది. అక్క కింది బటన్ నొక్కింది. కాల్పు పూర్తయింది. చిట్టి ఆపింది, మళ్లీ మొదలుపెట్టింది.

రెండోసారి దీపం కాస్త ముందే ఆరింది.

అక్క వేలు గాల్లో ఆగిపోయింది. ముల్లు నొక్కాల్సిన చోటు దాటిపోతోంది. "నొక్కకపోతే ఈసారి ఏం నేర్చుకోదక్కా" అంది చిట్టి మెల్లగా.

"తెలుసు. నొక్కితే ఆయన తగ్గుతాడు. అదీ తెలుసు."

నొక్కింది. ఆపారు, మొదలెట్టారు. ఒక్కోసారికీ ఎర్రదీపం కురచవుతూ వచ్చింది. ఎవరో గదిలోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ, గుమ్మం దాకా వెళ్లి కూడా ఇటే చూస్తున్నట్టు. మధ్యలో ఒకసారి అక్క "చాలు నాన్నా, నేను చూసుకుంటాగా" అంది. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. వేళ దాటినా భోజనానికి లేవని మనిషికి చెప్పినట్టుంది. ఆ మాటకు బావ బయటికి వెళ్లిపోయాడు.

చివరికి దీపం ఇలా వెలిగి అలా పోయింది. రెప్పపాటు. పూర్తిగా మాత్రం పోలేదు.

"ఇది చాలు. ఈ కాస్తా ఉండనీ" అని అక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇంకోసారి నడుపు. నేను ముట్టుకోను, చూస్తా."

చిట్టి నడిపింది. ముల్లు పాకింది. ఎర్రదీపం రెప్పలా కొట్టుకుని ఆరింది. కొంచెం దూరం పోయాక కింది బటన్‌కు పచ్చదీపం వెలిగింది, తనంతట తానే. అక్క ఎక్కడ నొక్కేదో సరిగ్గా అక్కడ. వెలిగి, అక్క ఎంతసేపు పట్టుకునేదో అంతసేపూ ఉంది.

అక్క తన చేతులకేసి చూసుకుంది. అవి ఒళ్లోనే ఉన్నాయి.

"నేనిక్కడే ఉన్నానుగా" అంది.

చిట్టి తెర మీద ఫైలు తేదీ చూపించింది, అది ఈ రోజుది.

"నేను పోయాక కూడా ఇది ఇలాగే నొక్కుతుందా?"

"ఫైలు ఉన్నన్నాళ్లూ."

పచ్చదీపం ఆరింది. ముల్లు అక్క కోరిన నిదానంతో పైకి పాకుతోంది. ఆమె దాన్ని కొసదాకా చూసింది. తర్వాత బయటున్న మొగుడికి వినబడేలా గొంతు పెంచి, "కొత్త మట్టి లోడు ఎక్కించమను. రేపు వెలిగిస్తున్నా" అంది. స్టూలును ప్యానెల్‌కు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"మళ్లీ మొదటి నుంచి పెట్టు చిట్టీ. ఆ చివర్న కొంచెం తొందరపడ్డాను. దిద్దుకోనీ."