పిల్ల తాగాకే

రెబెక్కా టీచరు గారికి కోపం ఎక్కువని పాలకొల్లులో అందరికీ తెలుసు. మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో ఆవిడ దగ్గర పలక పట్టినవాళ్ళు తాతలయ్యారు. అయినా ఆవిడ రిక్షా ఎదురొస్తే ఈనాటికీ చేతిలో చుట్ట వెనక్కి దాచుకుంటారు. అలాంటి మనిషి రిటైరయ్యాక బైబిలు చదువుకుంటూ నీడపట్టున కూర్చుంటుందా? ఊరి చివర కాలువ గట్టున ఉన్న తన కొబ్బరితోటలో రేకుల షెడ్డు వేయించి, కాళ్ళు విరిగిన కుక్కల్నీ, కబేళా లారీల్లోంచి పోలీసులు దింపిన ఎడ్లనీ తెచ్చి పెట్టుకుంది. ముసలితనంలో పిచ్చి పట్టిందని ఊరు అనుకుంది. అనుకోనీ అనుకుంది ఆవిడ.

ఎండాకాలం వచ్చిందంటే అక్కడ పని తెమిలేది కాదు. తెల్లారకుండా, షెడ్డులో పనికి కుదిరిన లోవలక్ష్మి తొక్కుడు బండి మీద డ్రమ్ము పెట్టుకుని వీధి వీధీ తిరిగి కుడితి పోగుచేసుకొచ్చేది. ఎడ్లకి ఆ కుడితి పోసి, కుక్కలకి గంజన్నం పెట్టి, పుళ్ళు కడిగి వేపనూనె రాసేసరికి రేకులు కాలడం మొదలయ్యేది. అప్పుడు రేకుల మీద కొబ్బరాకులు కప్పి, గోనెపట్టాలు తడిపి చుట్టూ కట్టాలి. అవి ఆరిపోతే మళ్ళీ తడపాలి. సాయంత్రం దాకా అదే వరస.

ఇన్నిటికీ కావలసింది నీళ్ళు. వేసవిలో లాకులు దించి కాలువలు కట్టేస్తారు. గట్టున ఉన్నవాళ్ళకి బురద తప్ప ఏమీ మిగలదు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. రైసుమిల్లు వెంకటరాజు గారు ఏటా తన మంచినీళ్ళ చెరువులోంచి రోజూ ట్రాక్టరు ట్యాంకరు పంపించేవారు కాబట్టి గడిచింది. ఆయన అడక్కుండానే పంపడమూ మంచిదైంది. ఒకరిని చెయ్యిచాచి అడగడం టీచరు గారికి పుట్టుకతో చేతకాదు.

ఆ ఏడు మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి వస్తుంటే, ఇటుకబట్టీ వాళ్ళు బరువు మోయలేదని వదిలేసిన చూడి గాడిద ఒకటి రోడ్డు పక్కన కూలబడి కనిపించింది. ప్రభువు గాడిదనెక్కి యెరూషలేముకి వచ్చిన సంగతే పాస్టరు గారు అప్పటిదాకా చెప్పారు. గాడిద గురించి గంటసేపు విని, గాడిదని దాటుకుని పోవడం ఆవిడ వల్ల కాలేదు. తెచ్చి షెడ్డులో కట్టి, ఆ పొద్దున చర్చిలో ప్రభువుకి పాడిన హోసన్న అనే మాటనే పేరుగా పెట్టింది. ఆ పేరు గాడిదకేంటండి అని పాస్టరు గారు నసిగితే, మోసినదానికి ఆ మాత్రం హక్కు లేదా అని ఎదురడిగింది.

నెల తిరిగేసరికి హోసన్న ఈనింది. పిల్ల గుప్పెడు ఎముకలు. నిలబడితే మోకాళ్ళు వణికేవి. తల్లికి పాలు అంతంత మాత్రం. పైగా బట్టీలో తాడు ఒరుసుకుని పొదుగు పక్కన పుండు పడింది. పిల్ల మూతి తగిలితే చాలు, నొప్పికి తన్నేసేది. అందుకని లోవలక్ష్మి తల్లి వెనక కాళ్ళు పట్టుకుంటే, టీచరు గారు పిల్లని ఎత్తి పొదుగుకి అందించేది. రోజుకి నాలుగైదు సార్లు ఈ తంటా. బతికితే తల్లిపాలతోనే బతకాలి, పోతపాలు పడవని పశువుల డాక్టరు చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే రాజుగారి పసి మనవడికి దగ్గు పట్టుకుంది. భీమవరం డాక్టరు మందు రాసిచ్చి, భయం లేదన్నాడు. కానీ రాజుగారి తల్లి ఒప్పుకోలేదు. దగ్గుకి గాడిదపాలే మందని పట్టుబట్టింది. ఊళ్ళో పాలిచ్చే గాడిద హోసన్న ఒక్కటే. ట్యాంకరు తోలే ఏసుపాదం నీళ్ళతో పాటు వెండి ఉగ్గుగిన్నె కూడా తెచ్చి, అమ్మగారు పాలు పట్టుకురమ్మన్నారని చెప్పాడు.

"పిల్ల తాగాక మిగిల్తే ఇస్తానని చెప్పు. ఇవాళ మిగల్లేదు" అంది టీచరు గారు.

మర్నాడూ మిగల్లేదు. ఆ మర్నాడూ అంతే. గిన్నె ఖాళీగా వచ్చింది, ఖాళీగా వెళ్ళింది. తర్వాత గిన్నే రాలేదు, ట్యాంకరూ రాలేదు.

తొట్లు అడుగంటాయి. గోనెపట్టాలు ఎండి అట్టలు కట్టాయి. కుక్కలు నాలుకలు వేలాడేసుకుని ఖాళీ తొట్టి చుట్టూ తిరుగుతుంటే లోవలక్ష్మి ఉండబట్టలేకపోయింది.

"అది ఒక్క పిల్లండి. ఇక్కడ ఇన్ని నోళ్ళున్నాయండి. ఓ గిన్నెడు ఇచ్చేత్తే పోదాండి, టీచరమ్మగారూ?"

ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే అంత బాధేసింది ఆవిడకి. ఇన్నిటినీ బతికించడానికి ఒకదాని నోటి దగ్గర కూడు తీయొచ్చా? ఇవాళ గాడిదపిల్ల, రేపు కుంటి ఎద్దు. ఎవరి అవసరానికి వాళ్ళు వస్తూనే ఉంటారు. బలం లేనిదానికి వంతు ఇక్కడ కూడా లేకపోతే ఈ షెడ్డు ఎందుకు? ఆవిడ కొంగు దోపి బిందె చంకనెత్తుకుంది.

జన్మలో మొదటిసారి ఆవిడ వీధిలో నిలబడి అడిగింది. మొదటి గుమ్మం ముందు బిందె ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంటూ నిలబడింది. కుళాయి వచ్చేదే పొద్దుట కాసేపు, అందులోంచి ఇంటికో బిందె ఇమ్మని ఏ మొహంతో అడుగుతుంది? కానీ అడిగిన ఇల్లల్లా ఇచ్చింది. ఒకప్పుడు ఆవిడ చేత గోడకుర్చీ వేయించుకున్న బుల్లెమ్మ, "మీరు ఎండలో పడి రావడమేంటండి, కబురెడితే మేమే తెత్తుం కదా" అని రెండు బిందెలు పోసింది. తొక్కుడు బండి మీద డ్రమ్ము నిండుతుంటే టీచరు గారికి కళ్ళు చెమర్చాయి. ఈ వీధి నా వీధి అని గర్వపడింది. ఇన్నాళ్ళూ వీళ్ళని అడగకపోవడం తన పొగరేనని కూడా అనిపించింది.

అయితే డ్రమ్ముడు నీళ్ళు ఏ మూలకి? లోవలక్ష్మి రోజంతా బండి తొక్కుతూనే ఉండాల్సి వచ్చింది. షెడ్డులో టీచరు గారు ఒక్కర్తీ మిగిలింది.

రాజుగారు కారు దిగింది అలాంటి ఒక మిట్టమధ్యాహ్నం. మల్లెపువ్వులాంటి పంచె, లాల్చీ జేబులో ఉగ్గుగిన్నె. లోపల టీచరు గారు పిల్లని చంకలో ఇరికించుకుని హోసన్నతో కుస్తీ పడుతోంది. జుట్టు రేగిపోయింది, చీరంతా పేడ. పిల్ల మెడ వాలేసింది.

"టీచర్ గారండి, పసోడికి దగ్గు తగ్గట్లేదండి. గిన్నెడు పాలకి ఇంత పంతం ఏంటండి?" అన్నారాయన.

ఆవిడ తల కూడా తిప్పలేదు. పెద్దవాడయ్యాక ఎప్పుడూ రాజుగారూ అనే పిలిచింది ఆయన్ని. ఇప్పుడు ఆ గారు ఎటు పోయిందో పోయింది.

"వెంకటరాజూ, ఇలా రా. కాళ్ళు పట్టుకో."

మూడో తరగతిలో విన్న గొంతు అది. ఆయన ఆలోచించేలోపే ఆయన మోకాళ్ళు వంగాయి. హోసన్న ఒక్క తన్ను తన్నింది. పంచె మోకాలి దాకా చిరిగింది. ఆయన పళ్ళు బిగించి రెండు కాళ్ళూ పొదివి పట్టుకున్నారు. టీచరు గారు పిల్ల మూతిని పొదుగుకి ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చిన్న చప్పుడు, గుటక. పిల్ల తోక ఆడించింది.

"పొద్దుట్నించీ తాగలేదాండి ఇది?" అని నెమ్మదిగా అడిగారు రాజుగారు.

"ఎలా తాగుతుంది? కాళ్ళు పట్టే మనిషి నీళ్ళ కోసం వీధులంట తిరుగుతోంది."

ఆయన తలొంచుకుని పట్టు ఇంకాస్త బిగించారు.

పిల్ల పొదుగు వదిలేదాకా అలాగే ఉన్నారిద్దరూ. అప్పుడు ఆవిడ చెయ్యి చాచింది. "గిన్నె ఇవ్వు. మిగిల్తే ఇస్తానన్నాను, మాటంటే మాటే." పొదుగు నిమిరి పిండితే గిన్నె అడుగు తడిసింది. ఇంకో రెండు ధారలు వచ్చేవేమో. రాజుగారు ఆ చేతిని ఆపేశారు.

"వద్దండి. అదీ దానికే ఉంచండి. మావోడికి తల్లుందండి, డాక్టరున్నాడు. మా అమ్మకి నేను చెప్పుకుంటానండి."

పొద్దువాలకుండా ట్యాంకరు వచ్చింది. కట్టిన కాలువలు వదిలేదాకా ఒక్కరోజూ ఆగలేదు. మనవడి దగ్గు డాక్టరు మందుతోనే తగ్గింది. హోసన్న పుండు మానింది. పిల్ల తనంతట తానే వెళ్ళి తాగడం నేర్చుకుని, ఆ తర్వాత షెడ్డులో కుక్కల్ని తరమడం కూడా నేర్చుకుంది.

చిరిగిన పంచె సంగతి ఊళ్ళో దాగుతుందా? వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడట, మన రాజుగారెంత అని మిల్లు దగ్గర ధాన్యం వర్తకులు నవ్వుకున్నారు. ఆ మాట రాజుగారి చెవిన పడింది. ఆయన ఏమన్నారో ఏసుపాదం తొట్లలోకి నీళ్ళు వదులుతూ టీచరు గారికి పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అవున్రా, పట్టుకున్నాను అన్నారండి. వసుదేవుడు దాన్ని అరవకుండా ఆపడానికి పట్టుకున్నాడు, నేను దాని బిడ్డకి పాలు తాగించడానికి పట్టుకున్నాను. మీలో ఎవడన్నా పట్టాడా? అన్నారండి. ఛాతీ ఇలా పెట్టుకుని మరీ అన్నారండి."

టీచరు గారు మొహం అటు తిప్పుకుని హోసన్న మెడ నిమురుతూ ఉండిపోయింది. ఆ వేసవంతా గేటు దాటి వచ్చిన ప్రతి మనిషికీ ఆవిడ చెప్పిన మాట ఒక్కటే. "వెంకటరాజు నా దగ్గరే చదువుకున్నాడు. లెక్కలు బొత్తిగా రాలేదు గానీ, మిగతాదంతా వచ్చింది."