మూత తీసిన మర

షిఫ్టు సగమైనా గడవకముందే అక్క గొంతు దూది ధూళికి గరగరలాడుతోంది. పొద్దున వచ్చిన సరుకులో తేమ ఎక్కువ. సాగదీసే మర మీద దూది పాయ నిలవడం లేదు. ఇటు అతికిస్తే అటు తెగుతోంది. తెగిన ప్రతిసారీ మేస్త్రీ ఎక్కడినుంచో వచ్చి వాలి, అవి చేతులా చీపురుకట్టలా అని అడిగి మరీ పోతున్నాడు. అక్క తలెత్తడం లేదు. పాయ అతికించడం, మర తిప్పడం, మళ్ళీ ఆపడం. ఒంటిమీద బట్ట చెమటకు తడిసి, దాని మీద దూది అంటుకుని, మనిషి బూజు పట్టినట్టుంది.

నూలుమిల్లులోని ఆ విభాగంలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కనే అంటారు. మాట తక్కువ మనిషి. దాన్ని ఓర్పు అనుకున్నవాళ్ళు పొరబడ్డట్టే. నాలుగేళ్ళుగా ఆమె కడుపులో నిప్పు మోస్తోంది. పొద్దున లేవగానే ఒకసారి, పడుకోబోయేముందు ఒకసారి, అది ఆరలేదు కదా అని చూసుకుంటోంది కూడా.

అంతకుముందు ఆ మర మీద ఆమె చెల్లెలు పనిచేసేది. మర పక్కన పళ్ళచక్రాలుంటాయి. వాటి మీద ఇనప మూత ఉండాలి. మూత ఉంటే పీచు పేరుకున్నప్పుడల్లా మర ఆపాలి, మూత విప్పాలి, శుభ్రం చేసి మళ్ళీ బిగించాలి. మూత లేకపోతే మర తిరుగుతుండగానే పీచు తీసెయ్యొచ్చు, పని ఆగదు. అందుకని ఒకరోజు మేస్త్రీ వచ్చి మూతలన్నీ విప్పించి గోదాములో పడేయించాడు. వర్షాలు మొదలవకముందే చెల్లెలి కుడిచెయ్యి ముంజేతిదాకా పోయింది.

విచారణకు సర్కారు ఆఫీసరు వచ్చేసరికి మూతలు బిగించే ఉన్నాయి, పైగా తుడిచి మరీ. తిరిగే మరలో చెయ్యి పెట్టొద్దని నోరు నొప్పిపుట్టేలా చెప్పానండీ, పొగరుమోతు పిల్ల, వినలేదు అన్నాడు మేస్త్రీ. అక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. సొంత అక్క మాట సాక్ష్యానికి పనికిరాదన్నారు. చెల్లెలికి తప్పు ఆమెదేనని చెప్పి పంపేశారు. ఆఫీసరు కారు కనుమరుగవగానే మూతలు మళ్ళీ గోదాము చేరాయి.

అక్క మాత్రం పని మానలేదు. అదే మర అడిగి తీసుకుంది. చెల్లెలి చెయ్యి తిన్న మర దగ్గర ఎలా నిలబడుతుందో, సిగ్గన్నా లేదా అని వెనక గుసగుసలాడారు. వాళ్ళకేం తెలుసు? ఆమె మర కోసం నిలబడలేదు, మేస్త్రీ కోసం నిలబడింది. వాడు రోజూ తన కళ్ళముందు తిరుగుతుండాలి. ఎప్పుడో ఒకప్పుడు చిక్కకపోడు.

ఆరోజు చిక్కాడు.

పాయ మళ్ళీ తెగింది. మేస్త్రీ విసవిసా వచ్చి, చక్రాల్లో అంత పీచు పెట్టుకుని పాయ తెగకేం చేస్తుంది, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా అంటూ తనే చక్రాల మీదకు వంగాడు. దగ్గు మనిషి, ఎండాకాలమైనా మెడకు మఫ్లరు తీయడు. దాని కొస జారింది. చక్రం దాన్ని మెత్తగా అందుకుంది. ఏం జరుగుతోందో వాడికి తెలిసేలోపే తల కిందికి గుంజుకుపోయింది.

మర ఆపే పిడి అక్క అరచేతిలోనే ఉంది. మఫ్లరు అంచు లోపలికి పోవడం ఆమె చూసింది. వాడి కళ్ళు తనవైపు తిరగడం చూసింది. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు, పోనీ అనుకుంది. ఆ తర్వాత చెయ్యే లాగిందో, తనే లాగిందో, మర ఆగింది.

మేస్త్రీ చెంప ఇనుముకు ఆనుకుని ఉంది. ఊపిరి ఆడుతోంది, అంతే. మెడ ఇటు అటు కదలదు. మరలకు నూనె వేసే తాత కత్తెర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఆగు తాతా," అంది అక్క. పిడి మీద చెయ్యి తియ్యలేదు.

తాత ఆగాడు. పక్క మరల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. కత్తిరించమని ఎవరూ అనలేదు.

"మేస్త్రీ, మా చెల్లెలి చెయ్యి పోయిన రోజు ఈ మూత ఎవరు తీయించారు?"

"ఇప్పుడా ఆ మాట... చచ్చిపోతానమ్మా."

"చావవు. నేను పట్టుకున్నంతసేపూ ఇది తిరగదు."

ఆ మాట అర్థమవడానికి వాడికి ఎంతోసేపు పట్టలేదు. పిడి వైపు చూడాలని కనుగుడ్లు తిప్పాడు, కనబడలేదు. చెమట ముక్కు మీదుగా కారి చక్రంలో పడుతోంది.

"నేనే తీయించాను," అన్నాడు.

"గట్టిగా."

మళ్ళీ చెప్పాడు. వెనక నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించింది. ఇంతలో మేనేజరు వచ్చాడు. ముందు కత్తిరించండయ్యా, చూస్తారేంటి అని కసిరాడు. తాత కత్తెర వైపు చూసుకున్నాడు, అక్క వైపు చూశాడు, కదల్లేదు.

"తీయమని నీకెవరు చెప్పారు?" అక్క గొంతు పెంచలేదు.

మేస్త్రీకి ఉన్న చోటునుంచి మేనేజరు బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటినే చూస్తూ చెప్పాడు.

"ఈయనే. ఆఫీసరు వచ్చేముందు బిగించమన్నదీ ఈయనే. ఆ పిల్లదే తప్పని నాతో చెప్పించిందీ ఈయనే."

అక్క తల ఊపింది. తాత కత్తిరించాడు. మేస్త్రీ నేల మీద కూలబడి దగ్గాడు. మెడ చుట్టూ ఎర్రగా వాత తేలింది. లేవడానికి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు.

మేనేజరు తెలివైనవాడు. ఎక్కువసేపు తడబడలేదు. ప్రాణభయంతో తన మీద వాగిన వాగుడు ఎవడు నమ్ముతాడన్నాడు. మూతలు తీయించినట్టు వాడే ఒప్పుకున్నాడు కాబట్టి వాణ్ణి ఇప్పుడే పనిలోంచి తీసేస్తున్నానన్నాడు. తర్వాత అక్క దగ్గరికి వచ్చి గొంతు మెత్తబరిచాడు.

"నీ పగ తీరింది కదమ్మా. ఇక మర తిప్పు."

మేస్త్రీని గేటు బయటికి గెంటడం అక్క ఎన్నిసార్లు కలగందో లెక్కలేదు. తీరా జరుగుతుంటే నోట్లో దూది రుచి తప్ప ఏమీ లేదు. నేల మీద కూర్చున్నవాడు చూస్తుండగానే ముసలివాడైపోయాడు. ఆమె కడుపులో నిప్పు మాత్రం అలాగే ఉంది. వాడిని దాటి ముందుకు చూస్తోంది.

"వీడి పని అయింది. మీది ఉంది," అంది. "మా చెల్లెల్ని తీసుకొస్తా. ఆమె ఎదట చెప్పండి, తప్పెవరిదో. అప్పటిదాకా నేను మర తిప్పను."

"నువ్వు కాకపోతే ఇంకొకరు తిప్పుతారు," అన్నాడు మేనేజరు, ఆ ఇంకొకరి కోసం చుట్టూ చూస్తూ.

ఎవరొచ్చారో చూడడానికి అక్క ఆగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలు పెరట్లో కుళాయి దగ్గర ఉంది. తడిగుడ్డ ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస ఎడమచేత్తో మెలిపెట్టి పిండుతోంది. ఇంత పొద్దుండగా వచ్చావేంటని అడిగింది. అక్క నిలబడే అంతా చెప్పింది. చెల్లెలు మెలి వదలకుండా విన్నది.

"వాడి చెయ్యి పోయిందా?"

"లేదు. మఫ్లరే చిక్కింది. మర ఆపేశాను."

చెల్లెలు మెలిపెట్టడం ఆపి తలెత్తింది.

"ఎందుకాపావక్కా?"

గుడ్డ మెలి వీడి నీళ్ళు కారసాగాయి. చెల్లెలు దాన్ని అలాగే వదిలేసి చెప్పులేసుకుంది. ఇన్నేళ్ళుగా ఆ మిల్లు గోడ కనబడకుండా చుట్టుతిరిగి పోయే మనిషి, ఈరోజు తిన్నగా అటే నడిచింది. అందుకోవడానికి అక్క దాదాపు పరుగెత్తాల్సి వచ్చింది.

గేటు లోపలినుంచి గొళ్ళెం పెట్టి ఉంది. గోడ వెనక మరల హోరు. అందులో తమ మర తిరుగుతోందో లేదో అక్కకు తెలియలేదు. చెల్లెలు చెవి పెట్టి వినలేదు కూడా. పిడికిలి బిగించి, ఉన్న ఒక్క చేత్తో ఆ ఇనప రేకు మీద బాదడం మొదలుపెట్టింది.